నూరుమందికి ఎన్ని లైన్లు

జనవరి 11

కొత్త డైరీ. ఆఫీసులో అందరికీ ఇచ్చారు.

హాస్టల్లో ఉన్నప్పుడు శనివారం శనివారం సిస్టర్ మా డైరీలు తీసుకుని చదివేది. అక్షరదోషాలకు ఎర్ర సిరా, అబద్ధాలకు ఒక చూపు. అందుకే డైరీలో కూడా ఎవరో చదువుతారన్నట్టు మర్యాదగా రాయడం నాకు అలవాటు. ఇది ఎవరూ చదవరు. అయినా మర్యాద పోవడం లేదు.

ఆయన ప్రాజెక్టు పూర్తయ్యేవరకు ఆఫీసు దగ్గర ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో ఉంటానన్నారు. ఇక్కడినుంచి రెండు బస్సులు మారాలి. పొద్దున్నే మీటింగులు. సబబే. పెద్ద సూట్‌కేసు తీసుకెళ్ళారు. చిన్నదానికి ఒక చక్రం ఊడిపోయింది కదా.

"దుప్పటి కూడా పట్టుకెళ్ళాడే," అంది అత్తయ్య.

చలికాలం అన్నాను.

జనవరి 14

వార్షిక పట్టిక పని మొదలైంది. సంపన్న దేశాలన్నిటినీ తీసుకుని, ఒక్కో దేశంలో నూరుమందికి ఎన్ని ఫిక్స్‌డ్ బ్రాడ్‌బ్యాండ్ లైన్లు ఉన్నాయో లెక్కగట్టి, ఎక్కువనుంచి తక్కువకు పేర్చడం. పోయిన ఏడు మీద ఎవరు ఎక్కారు, ఎవరు జారారు, ఎందుకు. మూడేళ్ళుగా నా పని ఇదే. ఇష్టమైన పనే. ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు.

పట్టిక విడుదలయ్యేదాకా దేశాల పేర్లు నోటితో అనకూడదని డైరెక్టరుగారి ఆజ్ఞ. ఒకసారి క్యాంటీన్లో ఎవరో వాగితే మర్నాడు పేపర్లో వచ్చిందట. అప్పటినుంచి మా సెక్షన్‌లో దేశాలకు వరసలు. పెట్టింది మాస్టారు. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేవారు, ఇప్పుడు నా పక్క సీటు. ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండే దేశం పెద్దమ్మ. ఏటా గొప్పలు చెప్పి ఆఖరికి అడుగునే ఉండేది మేనమామ. మనకంటే ఎప్పుడూ ఒక్క మెట్టు పైన ఉండేది తోడికోడలు. మనం పదకొండు, అది పది. ఫైళ్ళలో కూడా ఈ వరసలే రాసుకుంటాం. చివర్లో వరసలు తీసేసి పేర్లు పెట్టడం నా పని.

"మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకావిడ," అన్నారు మాస్టారు. "మన డైరెక్టరుగారూ అంతే. పదకొండు అయినందుకు బాధ లేదు సిస్టరమ్మా. అది పది అయినందుకే."

నన్ను సిస్టరమ్మ అంటారు. కాన్వెంటు చదువని, మాట తక్కువని.

జనవరి 19

ఆయన ఫోన్ చేశారు. ఫ్లాట్ అయిదో అంతస్తులోనట. లిఫ్టు ఉందట. "అమ్మ మోకాళ్ళకి ఇబ్బంది ఉండదు," అన్నారు. చూడటానికి వస్తే, అని అర్థం అనుకుంటాను.

ఈ ఆదివారం రావడం కుదరదన్నారు.

జనవరి 23

అత్తయ్య రోజూ సాయంత్రం టాబ్లెట్ ముందు కూర్చుని వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలితో మాట్లాడుతుంది. ఒకరి వంటిల్లు ఒకరికి చూపించుకుని, వంకలు పెట్టుకుంటారు.

"అక్కా, నీ గిన్నె అడుగంటుతోంది. ఇక్కడికి వాసనొస్తోంది," అంటుంది చిన్నత్తయ్య.

"నీ ముక్కుకున్న స్పీడు మా నెట్‌కి లేదే తల్లీ."

హాల్లో గోడకున్న వైఫై పెట్టె మీద దుమ్ము పడకుండా అత్తయ్య చేతిరుమాలు కప్పుతుంది. వేడెక్కిపోతుందని ఆయన తీసేసేవారు. ఆవిడ మళ్ళీ కప్పేది. వాళ్ళిద్దరికీ అదొక ఆట. ఇప్పుడు తీసేవాళ్ళు లేరు. నేను తియ్యను.

ఇవాళ చిన్నత్తయ్య అడిగింది. "వాడేడే? బొత్తిగా కనబడ్డం మానేశాడు."

"స్నానం చేస్తున్నాడు," అంది అత్తయ్య.

మొన్నా అదే చెప్పింది. అంతకుముందూ అదే. ఆయన ఈ మధ్య చాలా శుభ్రంగా ఉంటున్నారు.

జనవరి 30

ప్రాజెక్టు పొడిగించారట.

ఫిబ్రవరి 3

పెద్దమ్మ లెక్క వచ్చింది. మళ్ళీ పెరిగింది.

అక్కడ లైను లేని ఇల్లంటూ ఎప్పుడో లేకుండా పోయింది. జనాభా పెరగడం లేదు. మరి ఈ కొత్త లైన్లు ఎక్కడివి? ఏదో పొరపాటనుకుని వాళ్ళ పాత లెక్కలన్నీ తిరగేశాను. పొరపాటు లేదు. ఆఖరికి జనాభా లెక్కలు తీసి చూశాను. మనుషులు అంతమందే. ఇళ్ళు ఎక్కువయ్యాయి.

లైను మనిషికి కాదు, ఇంటికి. ఇంటికి నలుగురేసి ఉంటే నూరుమందికి ఇరవై అయిదు లైన్లు చాలు. ఇద్దరేసి ఉంటే యాభై. ఒక్కొక్కరే ఉంటే నూరూ కావాలి. పెద్దమ్మ దగ్గర ఎక్కువ ఉన్నది ఇంటర్నెట్ కాదు. ఒంటరివాళ్ళు. మేనమామ వెనకబడిందీ లేదు. వాళ్ళ ఇళ్ళల్లో తాతలూ మనవలూ ఇంకా ఒకే పెట్టెతో సరిపెట్టుకుంటున్నారు.

మాస్టారికి చూపించాను. నుదుటిమీదినుంచి కళ్ళజోడు దించి రెండుసార్లు చదివారు.

"అంటే కాపురాలు విడిపోయినకొద్దీ ర్యాంకు పెరుగుతుందన్నమాట. ఒక్కో విడాకులకీ ఒక్కో లైను. భేష్. డైరెక్టరుగారితో చెప్పు సిస్టరమ్మా, తోడికోడల్ని దాటాలంటే మగాళ్ళని సగంమందిని ఇళ్ళల్లోంచి వెళ్ళగొట్టమని."

"సగమెందుకండీ, అందర్నీ వెళ్ళగొడితే ఏకంగా పెద్దమ్మనే దాటొచ్చు," అంది టైపిస్టు.

సెక్షనంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వినట్టే గుర్తు.

ఫిబ్రవరి 4

పోయిన ఏడు మా ఇంట్లో ముగ్గురం. ఇప్పుడు, ప్రాజెక్టు అయ్యేవరకు, ఇద్దరం. ఆయన ఇవాళ మళ్ళీ అత్తయ్య మోకాళ్ళ గురించి అడిగారు. మళ్ళీ లిఫ్టు మాట చెప్పారు. అత్తయ్య కూడా వెళితే

ఫిబ్రవరి 5

ఇవాళ గాలి ఎక్కువ. కిటికీ రెక్క సరిగ్గా పడటం లేదు.

ఫిబ్రవరి 9

అమ్మ పోయాక నన్ను హాస్టల్లో వేశారు. సెలవుల్లో నాన్నగారి రెండో సంసారానికి వెళ్ళేదాన్ని. అక్కడ నా సంచి ఎప్పుడూ గుమ్మం పక్కనే ఉండేది. తీసి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు అత్తయ్య నన్ను పడగ్గది తలుపు వెనక్కి తీసుకెళ్ళి గోడకున్న కొక్కేలు చూపించింది. "ఇది వాడిది. ఇది నీది. దీనికి ఇంకెవరైనా తగిలిస్తే తీసి కింద పారెయ్. నేనైనా సరే."

ఆ కొక్కెం ఎంతో ఎత్తు లేదు. నాకు సరిగ్గా అందుతుంది.

పక్క కొక్కేనికి ఇప్పుడు ఏమీ లేదు. ఖాళీగా ఉంటే ఎంత వంకరగా ఉందో తెలుస్తోంది.

ఫిబ్రవరి 16

నిర్వచనాల పేజీ రాశాను. ఏటా అవే వాక్యాలు. "ఫిక్స్‌డ్ లైను అనగా ఒక చిరునామాకు కట్టుబడి ఉన్న కనెక్షన్. వాడుకునే మనిషి బయటికి వెళ్ళినా అది వెంట వెళ్ళదు."

సాయంత్రం చూసుకుంటే ఆ వాక్యం రెండుసార్లు రాసి ఉంది. ఒకటి కొట్టేశాను.

ఇళ్ళ లెక్క మీద నేను రాసిన పేజీని మేడం డైరెక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. మేడం మా సెక్షన్ హెడ్. నన్నూ రమ్మంది. డైరెక్టరుగారు చదివి, "మంచి పాయింటేనమ్మా," అన్నారు. "కానీ తీసెయ్. మనది పదకొండో స్థానం. ఇప్పుడు ఇళ్ళూ మనుషులూ అంటే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది. ముందు పదికి రానీ, అప్పుడు చెప్పుకుందాం."

పదికి వస్తే చెప్పుకోవాల్సిన అవసరమే ఉండదు. అనలేదు.

బయటికి వచ్చాక మేడం అంది, "చిన్న అక్షరాల్లో పేజీ అడుగున పెట్టు. ఆయన అంత కిందికి చదవరు."

ఫిబ్రవరి 21

ఆదివారం. రాలేదు. ఫోన్ కూడా లేదు. మీటింగులో ఉండి ఉంటారు. ఆదివారాలు కూడా పెడుతున్నారేమో.

మాస్టారు ఫోన్ చేసి పదో స్థానం దేశంవాళ్ళు తమ లెక్క సవరించి పంపారన్నారు. "అయితే తోడికోడలు పడిపోతుందా?" అని అడిగాను. కొంచెం తగ్గుతుంది గానీ పడిపోదన్నారు.

ఫోన్ పెట్టి చూస్తే అత్తయ్య నన్నే చూస్తోంది.

"నేను కన్నది ఒక్కణ్ణే. నీకు తోడికోడలెక్కడిదే?"

వరసల సంగతి చెప్పాను. పెద్దమ్మ, మేనమామ, వదిన, వియ్యంకుడు. అన్నీ శ్రద్ధగా వింది.

"అత్తగారిని పెట్టలేదేం? అత్తలేని కోడలుత్తమురాలనా?"

ఏ దేశమూ ఆవిడకు సరిపోలేదేమో అన్నాను.

"సరిపోదు," అంది, కళ్ళు మూసుకుని మోకాళ్ళు రాసుకుంటూ.

మార్చి 6

సెలవు పెట్టాను, ఒంట్లో బాగాలేక. లైన్‌మన్ వచ్చాడు.

మార్చి 7

నిన్న రాయలేకపోయాను. వరసగా రాస్తాను.

పెద్దవయసు మనిషి. నిచ్చెన గుమ్మం పక్కన ఆనించి, "షిఫ్టింగ్ అమ్మా," అన్నాడు. షిఫ్టింగ్ అంటే ఏమిటో నాకు తెలుసు. దానికి మా పట్టికలో ఒక గడి కూడా ఉంది. అయినా ఏమిటని అడిగాను. ఇక్కడి లైను తీసేసి కొత్త చిరునామాలో పెడతామన్నాడు. పేరు మారదు, నంబరు మారదు.

"మాకు చెప్పలేదే," అన్నాను.

"సార్ చెప్పే ఉంటారమ్మా. మీరు మర్చిపోయుంటారు."

అత్తయ్య కుర్చీలోంచే అంది. "ఇంట్లో మనుషులున్నారు నాయనా. కూర్చుని తింటున్నవాళ్ళ ముందునుంచి పళ్ళెం లాక్కుపోతావా?"

"నాదేముందమ్మా. ఆర్డరు. ఇవాళ అక్కడ పెట్టకపోతే నేను మాటపడాలి. పొద్దుట్నించీ ఆ ఇంటి మేడమ్‌గారు ఒకటే ఫోన్లు, ఎప్పుడొస్తావు ఎప్పుడొస్తావని. సార్ ఇంటినుంచే పని చేసుకోవాలంట."

ఏ మేడమ్ అని ఎవరూ అడగలేదు.

అతను నా మొహం చూశాడు, అత్తయ్య మొహం చూశాడు, తరవాత చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ చూసుకున్నాడు.

అత్తయ్య లేచింది. లేవడానికి ఎప్పుడూ నా చెయ్యి అడుగుతుంది. అడగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి, పెట్టె మీది చేతిరుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పెట్టుకుంది. "తీసుకో," అంది.

పెట్టె ఉన్నచోట గోడ తెల్లగా ఉంది. నాలుగు మూలలా నాలుగు చిల్లులు. లైన్‌మన్ మంచినీళ్ళు తాగి, వెళ్ళబోతూ, "తీగ పీకట్లేదమ్మా, వదిలేస్తున్నా. ఎప్పుడైనా కొత్తది పెట్టించుకుంటే పనికొస్తుంది," అన్నాడు. థాంక్స్ చెప్పాను.

ప్రాజెక్టు ఇంటినుంచే చేసుకోవచ్చన్నమాట. అయితే రెండు బస్సుల ఇబ్బంది కూడా ఉండదు.

నిబంధన ప్రకారం చిరునామా మారితే అది కొత్త లైను కాదు. ఒకచోట ఒకటి పోతుంది, ఇంకోచోట ఒకటి వస్తుంది. మొత్తంలో తేడా రాదు. దేశానికి ఏ తేడా లేదు.

మార్చి 8

ఏమీ లేదు.

మార్చి 9

ఏమీ లేదు. అత్తయ్య కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. ఇద్దరం తిన్నాం.

మార్చి 12

సాయంత్రం అయ్యేసరికి అత్తయ్య అలవాటుగా టాబ్లెట్ ముందు కూర్చుంటోంది. తెర నల్లగా ఉంటుంది. పైటకొంగుతో తుడుస్తుంది. కాసేపుండి లేస్తుంది.

ఇవాళ చిన్నత్తయ్య మామూలు ఫోన్ చేసింది. "నెట్ పోయిందే," అంది అత్తయ్య. "బాగుచేస్తారు... ఆఁ. వాడా? ఇప్పుడే స్నానానికి వెళ్ళాడు."

ఫోన్ పెట్టాక నావైపు చూడలేదు. నేనూ చూడలేదు. బాత్‌రూమ్ తలుపు తెరిచే ఉంది. బక్కెట్టు బోర్లించి ఉంది.

మార్చి 19

పట్టిక నమూనా ప్రతిని నిన్న అన్ని దేశాల ఆఫీసులకూ పంపాం. వాళ్ళు చూసి సరేనంటేనే విడుదల. ఇవాళ పొద్దున్నే ఒక ఆఫీసునుంచి జవాబు. రెండో పట్టికలో పదో స్థానంలో ఉన్న పేరుగల దేశం తమకు తెలియదని, తమ దేశం మాత్రం ఎక్కడా కనబడలేదని, చాలా మర్యాదగా రాశారు.

చూశాను. మొదటి పట్టికలో పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి. మూడు, నాలుగు, సరిగ్గా ఉన్నాయి. రెండోదాంట్లో పదకొండు మనం. దానిపైన తోడికోడలు.

డైరెక్టరుగారు అందర్నీ పిలిచారు. "ప్రపంచం ముందు పెట్టారు కదయ్యా మన చుట్టరికాలు," అన్నారు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

"వరసలు పెట్టింది నేనండీ," అన్నారు మాస్టారు.

"మీరు వరసలు కలిపింది చాలు మాస్టారూ. ఇంక కూర్చోండి."

నేనే పొరపాటు చేశానని చెప్పాను. ఎవరూ వినలేదు. గొంతు పైకి రాలేదనుకుంటాను.

తరవాత మేడం నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"మూడేళ్ళలో నీ దగ్గర ఒక కామా పొల్లుపోలేదు. ఇంట్లో అంతా బాగానే ఉందా?"

"ఉందండీ."

"అత్తగారు?"

"బాగున్నారండీ."

"మీవారెలా ఉన్నారు?"

"స్నానం చేస్తున్నారు," అన్నాను.

మేడం గోడవైపు చూసింది. ఆవిడ గోడకున్న గడియారం పదకొండు దాటింది. బల్లమీది నీళ్ళ గ్లాసు నావైపు జరిపింది. తాగాను. "ఆ ఒక్క పేరూ దిద్దేసి ఇంటికి వెళ్ళమ్మా," అంది.

దిద్దాను. ఇంటికి వెళ్ళలేదు. సాయంత్రందాకా సీట్లోనే కూర్చున్నాను. మాస్టారు రెండుసార్లు టీ తెచ్చిపెట్టారు. ఒక్క జోకు కూడా వేయలేదు.

మార్చి 26

ఫోన్ చేశాడు. ఆదివారం వస్తాడట. అమ్మను తీసుకెళ్తాడట. "నీ సంగతి తరవాత మాట్లాడుకుందాం," అన్నాడు.

అత్తయ్యకు చెప్పాను. విని, "చిన్న సూట్‌కేసు ఎక్కడుంది?" అని అడిగింది.

అటకమీద ఉందన్నాను.

"దించు."

స్టూలేసుకుని దించాను. దుమ్ము తుడిచి ఆవిడ మంచం పక్కన పెట్టాను.

మార్చి 27

ఆవిడ గది తలుపు దగ్గరగా వేసి సర్దుకుంటోంది. సాయం చెయ్యనా అని అడిగాను. అక్కర్లేదంది.

ఆవిడ కన్నకొడుకు. మోకాళ్ళు. లిఫ్టు. సబబే.

ఇంట్లో మనుషులు: ఒకరు.

రాశాను. ఏమీ కాలేదు.

మార్చి 28

అతను వచ్చాడు. తాళంచెవి ఉండి కూడా బెల్లు కొట్టాడు.

కుర్చీ అంచుమీద కూర్చున్నాడు, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా. గోడమీద తెల్లటి చోటు చూసి తల తిప్పుకున్నాడు. టీ ఇచ్చాను. "థాంక్స్," అన్నాడు. ఇంతకుముందు ఎప్పుడూ అనలేదు.

"అమ్మా, రెడీనా? కింద టాక్సీ ఆపాను," అన్నాడు.

అత్తయ్య కుర్చీ పక్కన సూట్‌కేసు ఉంది. వంగి ఎత్తబోయాడు.

"ఒక చక్రం లేదు. ఈడ్చకు, ఎత్తి పట్టుకెళ్ళు," అంది అత్తయ్య. "నీ చొక్కాలు మిగిలినవి, నీ గడ్డం సామాను, నీ సర్టిఫికెట్లు. పాత స్వెట్టరు కూడా పెట్టాను. మోచెయ్యి దగ్గర కుట్టాను."

"నావా?"

"మరెవరివి?"

"మరి నీ బట్టలేవి?"

"బీరువాలో ఉన్నాయి. ఎప్పుడూ ఉండేచోటే."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. నాకూ పట్టింది.

"ఇక్కడ నిన్నెవరు చూస్తారమ్మా? నీ మోకాళ్ళతో..."

"అయిదో అంతస్తు అన్నావుగా."

"లిఫ్టుంది. ఎన్నిసార్లు చెప్పాను!"

"లిఫ్టులు ఆగిపోతాయిరా. మధ్యలో ఆగిందనుకో, ఎవర్ని పిలవను? నువ్వేమో స్నానం చేస్తుంటావు."

"స్నానమేంటి?"

అత్తయ్య టీ తాగుతోంది. అతను నావైపు చూశాడు. "స్నానమేంటి?" అని నన్నూ అడిగాడు.

నేను ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. కుళాయి తిప్పి, కప్పులు దానికింద పెట్టి, గట్టుకి ఆనుకుని నవ్వాను. ఆపుదామన్నా ఆగలేదు. మొహమంతా తడిసింది. నవ్వు అనే రాస్తున్నాను.

బయటికి వచ్చేసరికి అతను లేడు. తాళంచెవి బల్లమీద ఉంది.

"ఆ తలుపు వెయ్యి, గాలొస్తోంది," అంది అత్తయ్య. తరవాత లేవడానికి చెయ్యి అడిగింది.

మార్చి 29

పక్క కొక్కేనికి అత్తయ్య గొడుగు తగిలించి ఉంది. నేను చూసేసరికే ఉంది.

ఏప్రిల్ 7

కంపెనీకి ఫోన్ చేశాను. ఫోన్లో మాట్లాడటం నాకు కష్టం. అడగాల్సినవి ముందే కాగితంమీద రాసుకున్నాను.

"కొత్త కనెక్షనా మేడమ్, షిఫ్టింగా?" అంది అవతలి అమ్మాయి.

కొత్తది అన్నాను.

"ఎవరి పేరుమీద?"

అత్తయ్యవైపు చూశాను. "నీ పేరు మర్చిపోయావా?" అంది. చెప్పాను.

"ఇంట్లో ఎంతమంది వాడతారు?"

ఇది నా కాగితంలో లేదు.

"ఇద్దరం," అంది అత్తయ్య, ఫోన్‌కి వినబడేంత గట్టిగా. "మా చెల్లెలు ఒకత్తే నలుగురి పెట్టు. ఆ లెక్కన కాస్త పెద్దదే ఇవ్వమను."

ఏప్రిల్ 10

పాత లైన్‌మనే వచ్చాడు. ఏమీ అడగలేదు. వదిలేసిన తీగే వాడాడు. కొత్త పెట్టె చిల్లులు పాత చిల్లులకు సరిపోలేదు, వేరే కొట్టాడు. తెల్లటి చోటు కొంచెం కనబడుతోంది.

పోయిన ఏడు మాకు ఒక లైను. ఇప్పుడు రెండు. మనుషులు అదే ముగ్గురు. వచ్చే ఏడు పట్టికలో డైరెక్టరుగారికి ఇది మా వంతు సాయం.

ఏప్రిల్ 22

పట్టిక విడుదలైంది. పెద్దమ్మ ఒకటి. మనం పదకొండే.

"నవ్వుతూనే ఉంది మహాతల్లి," అన్నారు మాస్టారు, పదో స్థానం మీద వేలుపెట్టి. నా మొహం చూసి, నేను నవ్వానని తేల్చుకుని, అప్పుడు తనూ నవ్వారు.

ఇళ్ళ సంగతి పదిహేడో పేజీ అడుగున వచ్చింది. చీమ తలకాయంత అక్షరాలు. డైరెక్టరుగారు అంత కిందికి చదివినట్టు లేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెట్టె మీద చేతిరుమాలు ఉంది. అత్తయ్య టాబ్లెట్ ముందు ఉంది. చిన్నత్తయ్య మొహం తెరనిండా.

"ఇన్నాళ్ళకి కనబడ్డావే అక్కా. చిక్కిపోయావేంటి? వాడేడీ?"

నేను గుమ్మంలోనే ఆగాను. చేతిలో సంచి ఉంది.

"లేడు," అంది అత్తయ్య.

"ఎక్కడికెళ్ళాడు?"

"వెళ్ళాడు."

అత్తయ్య కదలకుండా కూర్చుంది. తరవాత చిన్నత్తయ్య తెరకు దగ్గరగా వచ్చింది. "అక్కా, నీ బొమ్మ ఆగిపోయిందే. నెట్ మళ్ళీ పోయినట్టుంది."

"నెట్ బాగానే ఉంది," అంది అత్తయ్య. "నేనే ఊరుకున్నాను."

నా అడుగులు వినబడి ఉంటాయి. వెనక్కి చూడకుండానే టాబ్లెట్ నావైపు తిప్పింది. "ఇదిగో, అమ్మాయి వచ్చింది. దీంతో మాట్లాడుతూ ఉండు." గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది.

సంచి కొక్కేనికి తగిలించి వచ్చి కూర్చున్నాను. బాగున్నారా అన్నాను. చిన్నత్తయ్య ఏడుస్తోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మా ఇంట్లోకి వినబడకుండా. ఏం మాట్లాడాలో నాకు ముందే రాసుకోవడం కుదరలేదు. ఆవిడ భుజం వెనక పొయ్యి కనబడుతోంది. గిన్నెలోంచి పొగ లేస్తోంది.

"చిన్నత్తయ్యా, మీ గిన్నె అడుగంటుతోంది," అన్నాను. "ఇక్కడికి వాసనొస్తోంది."